అలల గోడ, సన్న పొడి, కదలని నీళ్ళు

 

ఈ నెల ముచ్చటకు రెండు కారణాలున్నయి. ఒకటి, ఇక్కడ షోలాపూర్ల సాంచెల మీద పని చేసే మన తమ్ముడొకడు అడిగిన మాట. ఆయన బిడ్డ ఇంజనీరింగ్ అయిపోయి పై చదువు చదువుతున్నది. "ఏం చేస్తున్నవమ్మా" అని అడిగితే, "అలల గోడలున్న కాలువలో నానోఫ్లూయిడ్ పారిస్తే వేడి ఎంత బాగా దాటుతదో లెక్క కడుతున్న నాయినా" అన్నదట. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "అన్నా, నువ్వు రంగు ఖాతాలో ముప్పై ఏండ్లు ఆవిరి పైపుల నడుమ బతికినోనివి, మన మాటల్లో జర రాయి" అన్నడు.

రెండోది ఇంకా దగ్గరి సంగతి. అక్కల్‌కోట్ రోడ్డు దిక్కు చిన్న డైయింగులు నడుపుకునే మనోళ్ళు ముగ్గురి దగ్గరికి ఒకాయన డబ్బా పట్టుకొని వచ్చిండు. "ఇది నానో పొడి. నీళ్ళలో కలిపితే మీ కట్టెల ఖర్చు సగం అయితది" అన్నడట. ముగ్గురు కలిసి అప్పు తెచ్చి కొందామా అని ఆలోచన చేస్తున్నరు. ఆ ముగ్గురి కింద పని చేసే కుటుంబాలు కూడ మనవే. అప్పు మునిగితే ముందు కోత పడేది కూలీకే. అందుకని ఈ రెండు సంగతులు కలిపి రాస్తున్న.

నేను నాలుగో తరగతి దాక చదివినోన్ని. ఆ బిడ్డ దగ్గర రెండు ఆదివారాలు కూర్చొని చెప్పించుకున్న. ఆమె చెప్పిన దాంట్లో సగం నా చేతులకు ముందే తెలుసు. పేర్లే కొత్త.

వేడి ఎక్కడ ఆగుతది?

రంగు ఖాతాలో పని చేసినోళ్ళకు ఇది ఎరుకే. జిగ్గర్ తొట్టిలో నీళ్ళు నింపి ఆవిరి పైపు తిప్పుతం. పైపు లోపల ఆవిరి నూరు డిగ్రీల పైన ఉంటది. చెయ్యి తగిలితే తోలు ఊడివస్తది. అయినా తొట్టి నీళ్ళు కాగేదానికి మస్తు సేపు పడతది. అంత వేడి పైపు లోపల ఉన్నప్పుడు, అది బయటికి వచ్చేదానికి అడ్డం ఏమున్నది?

అందరు ఇనుము మందం అడ్డమనుకుంటరు. కాదు. వేడిని దాటించే గుణానికి ఒక కొలత ఉన్నది. ఆ కొలతలో రాగి సుమారు 400, మామూలు ఇనుము సుమారు 50, నీళ్ళు 0.6. అంటే కదలకుండ నిలబడ్డ నీళ్ళు వేడిని దాటనిచ్చేది ఇనుముకంటె ఎనభై రెట్లు తక్కువ. మరి నీళ్ళు ఎట్ల కాగుతయి? కదులుతయి కాబట్టి కాగుతయి. వేడెక్కిన నీళ్ళు ఆడి నుంచి జరిగిపోయి, సల్ల నీళ్ళు వచ్చి గోడకు తగలాలె. కదలికే నీళ్ళకు బలం.

కాని గోడకు ఆనుకొని ఉన్న నీళ్ళ పొర మాత్రం కదలదు. ఎంత జోరుగా పంపు కొట్టినా, గోడకు అంటుకున్న పొర ఆడనే ఉంటది. దాని పక్క పొర కొంచెం కదులుతది, దాని పక్కది ఇంకొంచెం, నడుమకు పోతే జోరు. నమ్మకం కుదరకపోతే మీ ఇంట్లో ఫ్యాను రెక్క చూడండి. రోజంతా గిర్రున తిరుగుతది కద, మరి దాని మీద పత్తి దుమ్ము ఎందుకు ఎగిరిపోదు? రెక్కను అంటుకున్న గాలి రెక్కతోనే తిరుగుతది, దాని మీదనుంచి పారదు. ఆ పొర కింద దుమ్ము హాయిగా కూర్చుంటది.

ఇంకొకటి చెప్త. పన్నెండు గంటలు సాంచెల ముందర నిలబడి వచ్చినంక, కాళ్ళు గుంజుతుంటే ఉప్పేసిన వేడి నీళ్ళ బకెట్టులో కాళ్ళు పెట్టుకుంటం. పెట్టంగనే చుర్రుమంటది. కదపకుండ కూర్చుంటే కొంచెం సేపటికి తట్టుకుంటం. నీళ్ళు సల్లబడ్డయనుకుంటం. కాలు కదిపి చూడండి, మళ్ళ చుర్రుమంటది. నీళ్ళు సల్లబడలేదు. తోలుకు ఆనుకున్న పొర సల్లబడి దుప్పటి లెక్క కప్పింది. కదిపితే ఆ దుప్పటి తొలిగింది, అంతే.

ఆ బిడ్డ చదువంతా ఈ దుప్పటి గురించే. దాన్ని ఎట్ల చింపాలె, చింపేదానికి ఎంత ఖర్చయితది. ఇది పట్టుకుంటే మిగిలిందంతా తేటగా కనపడతది.

మాంచెస్టర్ల రంగు చుక్క

మన మిల్లులకు పాత సాంచెలు, కండెల యంత్రాలు మస్తు మటుకు ఇంగ్లండుల మాంచెస్టర్ చుట్టుపక్కల నుంచే వచ్చినయి. ఆ మాంచెస్టర్లనే 1883ల ఆస్బోర్న్ రేనాల్డ్స్ అనే పంతులు ఒక పని చేసిండు. గాజు గొట్టంలో నీళ్ళు పారించి, నడుమ సన్నగ రంగు నీళ్ళు వదిలిండు. నీళ్ళు మెల్లగ పారితే రంగు దారం లెక్క నిక్కచ్చిగా పోయింది. ఏ పొర దారి దానిదే, ఒకటితో ఒకటి కలవలేదు. జోరు పెంచుకుంట పోతే ఒక దగ్గర దారం వణికింది, చిక్కుపడ్డది, గొట్టమంతా రంగయింది.

దారం లెక్క పారినప్పుడు దుప్పటి మందంగా ఉంటది, వేడి దాటదు. సుడులు పడి కలిసినప్పుడు దుప్పటి సన్నబడతది, వేడి జోరుగా దాటుతది. నీళ్ళ జోరు, గొట్టం వెడల్పు, నీళ్ళ చిక్కదనం కలిపి ఆయన ఒక లెక్క చెప్పిండు. దానికి ఇప్పుడు ఆయన పేరే, రేనాల్డ్స్ నంబరు. నున్నటి గొట్టంలో ఆ నంబరు సుమారు 2,000 దాటినంకనే నీళ్ళు కలగలుపు అయితయి.

నున్నటి గొట్టంలో కలగలుపు కావాలంటే జోరు పెంచాలె. జోరు పెంచాలంటే పంపు పెద్దది కావాలె. నీళ్ళు సుడులు తిరిగే దశలో జోరు రెండింతలు చేస్తే పంపుకు కావలసిన కరెంటు దాదాపు ఎనిమిదింతలు అయితది. వేడి మాత్రం రెండింతలు కూడ పెరగదు. ఇది నష్టం బేరం. అందుకని పంపు జోలికి పోకుండ గోడనే మార్చుదామని ఆలోచన పుట్టింది.

గోడకు అలలు ఎందుకు?

అలల గోడ అంటే మన ఇండ్ల మీది పత్రా లెక్క అనుకోండి. రెండు పత్రాలు ఎదురెదురుగ నిలబెట్టి నడుమ నీళ్ళు పారిస్తే, అదే అలల గోడల కాలువ. నీళ్ళు నేరుగా పోలేవు. ప్రతి అల దగ్గర మలగాలె. మలిగినప్పుడల్లా గోడకు గుద్దుకుంటయి, దుప్పటి చినుగుతది. అల దిగిన పల్లంలో సుడి పుడతది. దానికి తోడు, అంతే పొడుగు కాలువలో గోడ వైశాల్యం కూడ ఎక్కువ అయితది.

పెట్టేదానికి రెండు రకాలున్నయి. రెండు గోడలు ఒకటే దిక్కు వంగితే కాలువ పాము లెక్క పోతది. ఎదురెదురుగ వంగితే ఒక దగ్గర పొట్ట, ఒక దగ్గర మెడ, వరుసగా సీసాలు పేర్చినట్టు అయితది. అల ఎత్తు ఎంత, అలకు అలకు దూరం ఎంత, గోడల నడుమ సందు ఎంత, ఇవన్ని మార్చి మార్చి చూస్తరు.

ఆ బిడ్డ చెప్పిన ఒక సంగతి నాకు బాగ నచ్చింది. అల పెద్దగ ఉంటే మంచిదే అనుకుంటం. కాని నీళ్ళు మరీ మెల్లగ పారితే, పల్లంలో పుట్టిన సుడి ఆడనే తిరుగుకుంట నిద్రపోతది. అది వేడెక్కి నిలబడి, గోడకు ఇంకొక దుప్పటి అయి కూర్చుంటది. జోరు కొంచెం పెరిగితే ఆ సుడి పగిలి నడుమ నీళ్ళతో కలుస్తది, అప్పుడే లాభం. అంటే అల ఎత్తుకు, నీళ్ళ జోరుకు జోడి కుదరాలె. ఒకటి చూసి రెండోది మరిచిపోతే పని చెడుతది.

ఇది కొత్త ముచ్చట కాదు. 1923ల ఇంగ్లండుల రిచర్డ్ సెలిగ్‌మన్ అనే ఆయన పాల కోసం పలకల యంత్రం చేసిండు. పల్చటి లోహం పలకలు వరుసగ బిగించి, ఒక సందులో సల్లటి పాలు, పక్క సందులో వేడి నీళ్ళు. పాలను 72 డిగ్రీల దగ్గర 15 సెకండ్లు ఉంచి మళ్ళ సల్లార్చాలె కద. ఆ యంత్రంలో కాగిన పాలు బయటికి వచ్చుకుంట, లోపలికి వచ్చే సల్ల పాలకు తన వేడి ఇచ్చిపోతయి. ఇయ్యాల ఏ పెద్ద డెయిరీకి పోయినా ఆ పలకల యంత్రం ఉంటది. తర్వాత తర్వాత ఆ పలకలకు అలలు కొట్టిండ్రు. ఆ అలలు ట్విల్ నేతలో మనం వేసే చేపముల్లు డిజైను లెక్కనే ఉంటయి. ఒక పలకకు పైకి, పక్క పలకకు కిందికి. నడుమ సందు రెండు నుంచి ఐదు మిల్లీమీటర్లు. నున్నటి గొట్టంలో 2,000 దాటినంక పుట్టే సుడులు, ఈ పలకల నడుమ కొన్ని వందల దగ్గరనే పుడతయి. అంటే తక్కువ జోరుతోనే దుప్పటి చినుగుతది.

ఉత్త పుణ్యానికి ఏది రాదు. నీళ్ళు మలిగిన ప్రతి దగ్గర ప్రెషరు పడిపోతది, ఆ భారం పంపు మోయాలె. చేపముల్లు గీతలు నీళ్ళ దారికి అడ్డంగ ఉంటే వేడి ఎక్కువ దాటుతది, పంపు బరువు కూడ ఎక్కువయితది. నీళ్ళ దారి వెంబడి ఉంటే రెండూ తగ్గుతయి.

సన్న పొడి కథ

ఇగ పొడి దగ్గరికి వస్త. నీళ్ళు 0.6, రాగి 400 అని చెప్పిన కద. అయితే నీళ్ళలోనే రాగి పొడి కలిపితే? ఈ ఆలోచనకు లెక్క 1873లనే స్కాట్లండు శాస్త్రవేత్త జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ రాసిండు. కాని మామూలు పొడి కలిపితే అడుగుకు దిగుతది, పైపులు మూసుకపోతయి, పంపు లోపల ఉప్పుకాగితం లెక్క గీరుతది. అందుకని పని జరగలేదు.

1995ల అమెరికాల ఆర్గాన్ ప్రయోగశాలలో స్టీఫెన్ చోయ్ అనే ఆయన మరీ సన్న పొడి వాడుదామన్నడు. దానికి నానోఫ్లూయిడ్ అని పేరు పెట్టిండు. ఎంత సన్నం? మిల్లీమీటరును పది లక్షల ముక్కలు చేస్తే ఒక ముక్క నానోమీటరు. మనం రోజూ పట్టుకునే పత్తి పోగు ఒక్కటి సుమారు 15,000 నానోమీటర్ల వెడల్పు. ఈ పొడి గింజ 30 నానోమీటర్లు అనుకుంటే, ఒక పత్తి పోగు అడ్డంగ 500 గింజలు వరుసగ పడతయి. అంత సన్నగ ఉంటే నీళ్ళ కణాలే దాన్ని అటు ఇటు నెట్టుతుంటయి, తొందరగ అడుగుకు దిగదు.

2001ల అదే ప్రయోగశాల వాళ్ళు మోటారు బండ్ల కూలెంటులో వాడే గ్లైకాలులో రాగి నానో పొడి కలిపిండ్రు. వెయ్యి పాళ్ళకు మూడు పాళ్ళే. వేడి దాటే గుణం 40 శాతం దాక పెరిగిందన్నరు. దునియా అంతా దాని మీద పడ్డది. మన ఐఐటీ మద్రాసుల సరిత్ కుమార్ దాస్, ఆయన జతగాళ్ళు కూడ దీని మీద పేరున్న పని చేసిండ్రు. కాని ఒక ప్రయోగశాల లెక్క ఇంకొక దానితో కలవలేదు. ఆఖరికి 2009ల అమెరికాల ఎంఐటీ నుంచి జాకోపో బువోంజోర్నో అనే ఆయన ముందు నడిచి, దేశ దేశాల ముప్పైకి పైగా సంస్థలకు ఒకటే తీరు సరుకు పంచిండు. అందరు కొలిచిండ్రు. మాయ ఏమి కనపడలేదు. మాక్స్‌వెల్ దారిలో వచ్చిన పాత లెక్కలు ఎంత చెప్పినయో దాదాపు అంతే పెరిగింది.

ఆ లెక్క ఎంత? గుండ్రటి గింజల పొడి నూటికి ఒక పాలు కలిపితే వేడి దాటే గుణం సుమారు 3 శాతం పెరుగుతది. అదే ఒక పాలు పొడికి నీళ్ళ చిక్కదనం కనీసం 2.5 శాతం పెరుగుతదని ఐన్‌స్టీన్ లెక్క. నిజానికి నానో పొడితో చాలాసార్లు ఇంకా ఎక్కువే పెరుగుతది. గంజి చిక్కగయితే సైజింగులో ఏమయితదో మనకు తెలుసు. పంపు మూలుగుతది, సుడులు తగ్గుతయి.

ఇంకొక సంగతి విని నేను కూడ నోరు తెరిచిన. ఒక బకెట్ నీళ్ళు ఒక డిగ్రీ పెరిగేటప్పుడు ఎంత వేడి దాచుకుంటయో, అంతే బకెట్ గట్టి రాగి దానికంటె తక్కువ దాచుకుంటది. అంటే నీళ్ళ జాగాలో రాగి పెడితే మోసుకపోయే వేడి తగ్గుతది. పొడి ఒక చేత్తో ఇచ్చి ఇంకొక చేత్తో కొంత గుంజుకుంటది.

మరి ఆ బిడ్డ చేసేది దండుగ పనా?

కాదు, అదే నేను చెప్పదలుచుకున్నది. పొడి పాలు ఎంత, అల ఎత్తు ఎంత, జోరు ఎంత, ఈ మూడిటిని కంప్యూటరులో వేల తీర్లుగ మార్చి ఆమె తూకం వేస్తున్నది. ఒక పళ్ళెంలో దాటిన వేడి, ఒక పళ్ళెంలో పంపు తిన్న కరెంటు. వేడి ఒకటే చూసి ఎక్కువున్నదాన్ని గెలిచిందంటే అది తప్పుడు తూకం. రెండు పళ్ళేలు పెడితే గెలిచేది చాలాసార్లు నడిమి ఎత్తు అల, కొంచెం పొడి. ఒక్కోసారి పొడే లేని ఉత్త నీళ్ళు. కంప్యూటరు లోపల గోరంత జాగాలో మస్తు వేడి పుట్టే చిప్పులుంటయి. అట్లాంటి దగ్గర పెద్ద పలకలు పెట్టే సందు లేదు, పోసిన నీళ్ళు బయటికి పోకుండ అవ్వే తిరుగుతుంటయి. అక్కడ 5 శాతం లాభమైనా పనికొస్తది. ఏ పని ఎక్కడ కుదురుతదో చెప్పడమే ఆ చదువు. అమ్మా, నీ లెక్క నువ్వు కానియ్యి. మీ నాయినకు నేను చెప్పిన.

మన డైయింగుకు లెక్క కడదాం

ఇప్పుడు ఆ ముగ్గురు తమ్ముళ్ళ సంగతి. ఒక లీటరు నీళ్ళను ఒక డిగ్రీ పెంచేదానికి ఒక కిలో క్యాలరీ వేడి కావాలె. వెయ్యి లీటర్లు 30 డిగ్రీల నుంచి 90కి తేవాలంటే 60,000. ఆరిన కట్టె కిలోకు సుమారు 3,500 ఇస్తదనుకోండి. బాయిలరు నూటికి 60 పాళ్ళు నీళ్ళకు చేరవేస్తదనుకోండి. అంటే కిలో కట్టెకు 2,100. వెయ్యి లీటర్లకు 28, 29 కిలోల కట్టె.

ఆ 60,000 ఏ పొడి కలిపినా తగ్గదు. పొడి పని ఏందంటే, వేడి కొంచెం తొందరగ దాటేటట్టు చేయడం. తొందరగ దాటితే పొగ గొట్టం నుంచి పోయే వేడి కొద్దిగ మిగులుతదేమో గాని, కట్టె సగం అయితదన్న మాట నిలబడదు. దాని మీద, మన రంగు నీళ్ళు ఒక్క బ్యాచి కాంగనే మోరిలోకి పోతయి. పొడి కూడ వాటితోనే పోతది. ప్రతి బ్యాచికి మళ్ళ కొనాలె. అది రంగు పట్టేదానికి అడ్డం వస్తదా, బట్ట మీద మచ్చ పడతదా అన్నది వేరే గొడవ.

మరి కట్టె ఎట్ల మిగులుతది? మోరిలో పోసే వేడిని పట్టుకుంటే మిగులుతది. నేను పని చేసిన మిల్లులో రంగు ఖాతా వెనక మోరి పొద్దంతా పొగలు కక్కేది. పనికి కొత్తగ వచ్చిన పిల్లగాడొకడు ఆ మోరి దాటబోయి కాలు కాల్చుకొని నెల రోజులు ఇంట్ల పడ్డడు, ఆ నెల జీతం ఇయ్యలేదు. మేం కొలిమి ముందర చెమటలు కక్కి పుట్టించిన వేడి, ఒక్క పూటకు కూడ ఉపయోగం లేకుండ పిల్లల కాళ్ళు కాల్చుకుంట పోయేది.

80 డిగ్రీల మురికి నీళ్ళను ఒక దిక్కు, 30 డిగ్రీల కొత్త నీళ్ళను ఎదురు దిక్కు అలల పలకల నడుమ పారిస్తే, కొత్త నీళ్ళు 60 దాక ఎక్కే వీలున్నది. 30 నుంచి 90కి ఎక్కవలసిన దాంట్లో సగం ఉత్తగ వచ్చింది. వెయ్యి లీటర్లకు 14 కిలోల కట్టె మిగిలింది. రోజుకు అట్లాంటి బ్యాచిలు పది, నెలకు 26 రోజులు అనుకుంటే 3,640 కిలోలు, అంటే మూడున్నర టన్నుల పైన. ఆయన డబ్బాలో ఉన్నదన్న సగం కట్టె, నిజంగ ఉన్నది మన మోరిలోనే.

దీనికి కూడ షరతులున్నయి. రంగు నీళ్ళలో పత్తి నూగు ఉంటది. జాలీ పెట్టి వడబోయకపోతే పలకల సందు వారంలో మూసుకపోతది. సందు వెడల్పున్న పలకలు అడగాలె. బ్యాచి నీళ్ళు ఒక్కసారి వస్తయి కాబట్టి, వాటిని ఆపేదానికి మూత ఉన్న హౌదు ఒకటి కావాలె. ముగ్గురివి పక్క పక్క షెడ్లయితే ఒకటే యంత్రం కలిసి పెట్టుకోవచ్చునేమో, కూర్చొని మాట్లాడుకోండి.

పైసా ఖర్చు లేని పని ముందు

పలకలు కొనకముందే చేయవలసింది ఒకటున్నది. బోరు నీళ్ళు గడుసు నీళ్ళయితే, కాచిన పైపు మీద తెల్లగ సున్నం పొర కడుతది. ఇంట్లో నీళ్ళు కాగబెట్టే గిన్నెకు కట్టినట్టే. వేడి దాటే కొలతలో ఆ పొర ఇనుముకంటె ఇరవై రెట్లకు పైన తక్కువ. ఒక్క మిల్లీమీటరు సున్నం కట్టిందంటే, పైపుకు ఇరవై మిల్లీమీటర్ల ఇనుము తొడుగు వేసినట్టు. మా కాలంలో నీళ్ళు తొందరగ కాగకపోతే "ఆవిరి పెంచు" అనేటోళ్ళు. ఆవిరి పెంచితే కట్టె మండుతది, కొలిమి ముందర ఉన్న మనిషి మండుతడు, సున్నం మాత్రం ఇంకింత గట్టిపడతది. నెలకొకసారి పైపు గోకి, బాయిలరుకు మెత్తటి నీళ్ళు పోస్తే వచ్చే లాభం ఏ నానో పొడి ఇయ్యదు.

ఒక హెచ్చరిక కూడ చెప్పాలె. మన మిల్లులోళ్ళకు పత్తి దుమ్ముతో ఊపిరితిత్తులు ఏమయితయో చెప్పవలసిన పని లేదు. సోమవారం పొద్దున ఛాతి పట్టేసేది చాలామందికి ఎరుకే. దుమ్ము ఎంత సన్నగ ఉంటే అంత లోపలికి దిగుతది. పత్తి పోగులో ఐదువందలో వంతు పొడి ఎంత లోపలికి పోతదో మీరే ఆలోచించండి. ఎవరన్న అట్లాంటి డబ్బా తెస్తే, పొడిగ ఉన్నప్పుడు వట్టి చేతులతో, వట్టి ముక్కుతో తెరవొద్దు. పిల్లలున్న కాడ అసలే తెరవొద్దు. మోరిలోకి పోయిన పొడి ఏ బాయిలో తేలుతదో ఎవరు జవాబు చెప్తరు?

అమ్మవచ్చినాయన మీద కోపం వద్దు, ఆయన పొట్ట ఆయనది. మూడు మాటలు అడగండి చాలు. ఒకటి, నూటికి ఎన్ని పాళ్ళు కలపాలె, కలిపితే చిక్కదనం ఎంత పెరుగుతది? రెండు, వేడి పెరిగింది సరే, పంపు కరెంటు ఎంత పెరిగింది, రెండు లెక్కలు పక్క పక్కన రాసి ఇస్తవా? మూడు, నీళ్ళు పారబోసినంక పొడి ఎట్ల వాపసు తీసుకోవాలె? రాసి ఇచ్చి దస్కతు పెడితే అప్పుడు చూద్దాం. నోటి మాట అయితే చాయ్ తాగించి పంపండి.

అప్పు తేవలసి వస్తే పలకల కోసం, హౌదు కోసం తేండి. మిగిలిన కట్టె పైసల్లో కొలిమి ముందర నిలబడేటోనికి ఒక పాలు ముట్టాలని కూడ ముందే మాట్లాడుకోండి. వేడి లెక్క ఎంత సక్కగ వేసినా, ఆ ఒక్క లెక్క ఏ పుస్తకంలో ఉండదు, మనమే వేసుకోవాలె.

గడుసు నీళ్ళను మెత్తగ చేసే పద్ధతులు అడిగినోళ్ళు కూడ ఉన్నరు. వచ్చే నెల ఆ ముచ్చట చెప్పుకుందాం. అందరు పైలం.